ఒక్క దిర్హమ్ పడవలో పాత దుబాయి

చిల్లర లేకుండా అబ్రా ఎక్కకండి. ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దుబాయి క్రీక్‌ను బర్‌దుబాయి ఒడ్డు నుంచి దేరా ఒడ్డుకు దాటించే ఈ చెక్క పడవకు మనిషికి ఒక దిర్హమ్. పడవ కదిలాక సరంగు చేయి చాస్తాడు. అటు చివర కూర్చున్నవాళ్ల నాణేలు చేతులు మారుతూ అతని దాకా వస్తాయి. ఆ సమయంలో వంద నోటు తీస్తే అతనికీ చికాకు, మీకూ చికాకు. దిర్హమ్ బిళ్ల మీద దల్లా, అంటే అరబ్బుల కాఫీ కూజా, బొమ్మ ఉంటుంది. ఒకప్పుడు ఇదే ప్రయాణానికి 50 ఫిల్స్, అంటే అర దిర్హమ్, తీసుకునేవారు. ఆ బిళ్ల మీద ఉండేవి చమురు బావుల మీది మూడు డెరిక్కులు, అంటే ఇనుప గోపురాలు. చమురు దిగి కాఫీ ఎక్కిందన్నమాట!

గోదావరి రేవుల్లో పంటు ఎక్కి అలవాటున్నవాళ్లకు ఇది చిన్న పడవే. నడిమధ్యన పొడవాటి బల్ల, దాని మీద జనం వీపుకు వీపు ఆనించి నీళ్లవైపు ముఖం పెట్టి కూర్చుంటారు. ఇరవై మంది దాకా పడతారు. మధ్యలో గొయ్యిలాంటి చోట ఇంజను, అక్కడే సరంగు నిలబడతాడు. చేతులు డబ్బు లెక్కల్లో ఉంటే కాలితోనే చక్రం తిప్పేవాళ్లూ ఉన్నారు. పైన ఎండకు కప్పు ఉంటుంది కానీ పక్కన కటకటాలు ఉండవు. కాళ్ల ముందు నీళ్లే. చిన్నపిల్లలను లోపలివైపుకి లాక్కుని పట్టుకోవాలి. పిల్లల తోపుడు బండితో వచ్చినవాళ్లు దాన్ని ముందే మడిచేయాలి.

ఇబ్బందంతా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. వేరే పడవలు పోతుంటే వాటి అలకు అబ్రా రేవు నుంచి కాస్త జరుగుతుంది, మళ్లీ వచ్చి తగులుతుంది. జరిగినప్పుడు అడుగు వేస్తే కాలు సందులో పడుతుంది. తగిలిన క్షణంలో వేయాలి, అదీ అంచు మీద కాదు, పడవ మధ్యలో. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, కుచ్చిళ్లు పట్టుకోవాల్సిన చీరలకూ ఇది చెప్పాల్సిన మాటే. డీజిల్ పొగ సంగతి కూడా చూసుకోండి. వెనక కూర్చుంటే గాలి తిరిగినప్పుడల్లా ముఖానికి కొడుతుంది. ముందు భాగంలో చోటు లేకపోతే తర్వాతి పడవకు ఆగండి. నిండగానే కదిలే పడవలివి, టైము పట్టిక చూసుకునే పని లేదు.

చాలామంది పొరబడేది రేవు దగ్గర. బర్‌దుబాయి వైపు ఎక్కువగా వాడే రేవులు రెండు. బర్‌దుబాయి రేవులో ఎక్కితే దేరా ఓల్డ్ సూక్‌లో (సూక్ అంటే బజారు) దిగుతారు, మసాలా బజారు ఎదురుగానే. దుబాయి ఓల్డ్ సూక్ రేవులో ఎక్కితే దిగేది అల్ సబ్ఖాలో. బంగారం బజారుకని బయల్దేరి రెండోది ఎక్కితే ఎండలో చాలాసేపు నడవాలి. బోర్డు చదవడం కన్నా సరంగును "దేరా ఓల్డ్ సూక్?" అని ఒక్క మాట అడగడం నయం. హిందీ, ఉర్దూ ఏదైనా నడుస్తుంది.

సీటు ఎంచుకునే వీలుంటే, బర్‌దుబాయి నుంచి పోయేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే పాత పేట షిందఘా కనబడుతుంది, కుడివైపు కూర్చుంటే క్రీక్ లోపలి భాగమూ, దేరా గట్టున వరసగా ఆగిన ధౌలూ, అంటే సరుకు మోసే చెక్క ఓడలూ. ఫ్రిజ్‌లు, టైర్లు, అట్టపెట్టెలు గట్టు మీదే గుట్టలుగా పడి ఉంటాయి. కుడివైపే మంచిది.

ఇక ఈ ఐదారు నిమిషాల దారికి ఉన్న విలువ. పాత దుబాయి వాళ్లను కదిపితే కథ ఇక్కడే మొదలవుతుంది. 1963లో మక్తూమ్ వంతెన వచ్చేదాకా అటు ఒడ్డుకు పోవాలంటే అబ్రాయే గతి, లేదంటే క్రీక్ కొస దాకా ఇసుకలో చుట్టు తిరగాలి. ఇసుక మేట వేసి పెద్ద పడవలు లోపలికి రాలేని స్థితిలో, అప్పు తెచ్చి మరీ 1959 నుంచి 1961 దాకా పూడిక తీయించారు. చమురు దొరికింది ఆ తర్వాత, 1966లో. అంటే ఈ ఊరిని ముందు నిలబెట్టింది రేవే. 1975లో షిందఘా సొరంగం, 2022లో ఇన్ఫినిటీ వంతెన వచ్చాయి. ఇన్ని దారులున్నా అబ్రాలు ఖాళీగా తిరగడం లేదు.

ఇంకో ముచ్చట. 1966 వరకు ఇక్కడ చెలామణీలో ఉన్నది రూపాయే, చివరి ఏళ్లలో గల్ఫ్ కోసం ప్రత్యేకంగా అచ్చేసిన రూపాయి. మన రూపాయి విలువ తగ్గించిన ఏడాదే ఇక్కడివాళ్లు దాన్ని వదిలేశారు. దిర్హమ్ వచ్చింది 1973లో. ఇప్పుడు జగిత్యాల, నిజామాబాదు ఇళ్లలో దిర్హమ్‌ను రూపాయిల్లోకి లెక్కగట్టుకుంటుంటే, ఒకప్పుడు ఆ లెక్క అవసరమే లేదని గుర్తొస్తుంది.

పడవ ఎక్కేముందో తిరిగొచ్చాకో ఏం చూడాలన్నదానికి, బర్‌దుబాయి వైపే ఉన్న రెండు చోట్లు చెప్తాం. మొదటిది అల్ షిందఘా మ్యూజియం. 80 పాత ఇళ్లను 22 ప్రదర్శన విభాగాలుగా మార్చారు. పెద్దలకు 50 దిర్హమ్‌ల టికెట్టు, వెళ్లే ముందు ఒకసారి సరిచూసుకోండి. క్రీక్ పుట్టుక చెప్పే భాగం, అత్తరు ఇల్లు, ఈ రెండూ డబ్బుకు న్యాయం చేస్తాయి. అత్తరు ఇంట్లో ఊద్ (అగరు), కుంకుమపువ్వు, గులాబీ వాసనలు విడివిడిగా చూడొచ్చు. లోపం ఏమిటంటే ఇళ్ల మధ్య నడక ఎక్కువ, సగం ఎండలోనే. అన్నీ చూడాలని కూర్చుంటే పూట పడుతుంది, మూడో ఇంటికే పిల్లలు గోల పెడతారు. పైగా చెప్పేదంతా ఎక్కువగా స్థానిక ఎమిరాతీ కుటుంబాల జీవితమే. ముత్యాల వేట, నావ, ఇల్లు, వైద్యం బాగానే ఉన్నాయి. సోనాపూర్ కార్మికుల క్యాంపుల్లో ఉండి ఈ నగరాన్ని కట్టినవాళ్ల జ్ఞాపకాలు కావాలంటే ఆదివారం సాయంత్రం అబ్రాలో పక్కన కూర్చున్నవాళ్లను పలకరించడం మేలు.

రెండోది అల్ ఫహీదీ, పాత పేరు బస్తకియా. ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చిన వర్తకుల పేట. ఇక్కడ సందుల్లో నడవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏదైనా తెరిచి ఉన్న ఇంట్లోకి వెళ్లి గాలి గోపురం, బర్జీల్, కింద నిలబడి తల పైకెత్తండి. నాలుగు వైపులా తెరిచి ఉన్న గోపురం లోపల గుణకారం గుర్తులా రెండు అడ్డగోడలు కనబడతాయి. గాలి ఏ వైపు నుంచి వచ్చినా ఆ గోడకు తగిలి కిందికి దిగాల్సిందే, గదిలో వేడి ఎదుటి వైపు నుంచి పైకి పోవాల్సిందే. కరెంటు లేని రోజుల్లో కూలర్ ఇదే. చలికాలంలో గోపురం కింద పలకలతో మూసేసేవారు. గదులు ఎందుకింత ఇరుకుగా, రైలుపెట్టెలా ఉన్నాయని అడుగుతారు చాలామంది. కప్పుకు వాడింది తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడ చెట్ల దూలాలు. దూలం ఎంత పొడవుంటే గది అంత వెడల్పు, అంతకు మించి కుదరదు. గోడ పెచ్చు ఊడినచోట దగ్గరగా చూస్తే చిల్లులు చిల్లులుగా సముద్రపు పగడపు రాయి కనబడుతుంది. 1980లలో ఈ పేటను పూర్తిగా పడగొట్టబోయారు. మిగిలింది సగమే అనుకోండి.

మనవాళ్ల కోసం ఒక హెచ్చరిక. బర్‌దుబాయిలో బట్టల బజారు వెనక ఇరుకు సందులో ఉన్న శివాలయం కోసం పాత వీడియోలు చూసి వెళ్లకండి. పూలు, కొబ్బరికాయల దుకాణాల మధ్య మెట్లెక్కిన జ్ఞాపకం చాలామందికి ఉంది కానీ, 2024 జనవరి నుంచి ఆ గుడి జబల్ అలీకి మారింది. అక్కడి కొత్త ఆలయం 2022 అక్టోబరులో తెరిచారు. కొత్తది విశాలం, శుభ్రం, కారు పెట్టుకునే చోటుంది. క్రీక్ దగ్గర దిగి నడిచి వెళ్లే దూరం మాత్రం కాదు.

ఎప్పుడు వెళ్లాలంటే నవంబరు నుంచి మార్చి దాకా ఏ వేళైనా సరే. ఎండాకాలంలో సూర్యాస్తమయానికి గంట ముందు బయల్దేరండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట పని చేయించడమే ఇక్కడ చట్టం ఒప్పుకోదు. ఆ వేళ మ్యూజియం సందుల్లో సరదాకు తిరగడం ఏం తెలివి?

తిరిగి రావడానికి అల్ రాస్ స్టేషన్‌లో మెట్రో గ్రీన్ లైన్ ఎక్కొచ్చు, అల్ ఘుబైబాలో దిగితే మళ్లీ బర్‌దుబాయే. మెట్రోకు వాడే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 ప్రయాణానికే వాడుకోవచ్చు. ఒకే జోన్‌లో 3, పక్క జోన్‌లోకి పోతే 5 దిర్హమ్‌లు కోస్తుంది. రైలుపెట్టెలో బబుల్‌గమ్ నమిలినా 100 దిర్హమ్‌ల జరిమానా. రైలు క్రీక్ కిందుగా సొరంగంలో పోతుంది. చల్లగా, వేగంగా ఉంటుంది, నీళ్లు మాత్రం కనబడవు.