మా ఇంట్లో మూడు తాళాలు: ఆరేళ్లుగా కీపాస్‌ఎక్స్‌సీ

మాది అంబాజీపేట. మావారిది కొబ్బరి వ్యాపారం, నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడినప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. పగలు నా ఆన్‌లైన్ పాఠాలు, రాత్రి ఆయన కొబ్బరి దింపుల లెక్కలు. ఇద్దరికీ ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డ్. అది మా అబ్బాయి పుట్టిన తేదీ. ఆలుమగలన్నాక అలాగే ఉండాలని అనుకునేవాళ్లం.

ఒక రాత్రి ఆయన లెక్కలు చూసుకోవడానికి ల్యాప్‌టాప్ తెరిస్తే నా మెయిల్ కనబడింది. మా చెల్లెలు తన ఇంటి గొడవ గురించి రాసిన ఉత్తరం. ఆయన కావాలని చదవలేదు, కంటపడింది. వారం తర్వాత ఆయనే ఫోనులో మా చెల్లెలితో, "మీ ఆయన కాస్త కుదుటపడ్డాడా అమ్మా?" అని ప్రేమగానే అడిగారు. ఆ తర్వాత ఏడాది పాటు మా చెల్లెలు నాకు మంచీ చెడూ ఏదీ రాయలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. దాచమని నా చేతిలో పెట్టినదాన్ని వీధి అరుగు మీద వదిలేశానని నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు ముందుగా విండోస్‌లో ఇద్దరికీ వేరు వేరు ఖాతాలు పెట్టుకున్నాం. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇద్దరిలో ఒకరిది అడ్మినిస్ట్రేటర్ ఖాతా అయితే, వాళ్లు రెండోవారి ఫోల్డర్లు తెరవగలరు, పాస్‌వర్డ్ కూడా మార్చగలరు. అందుకని మా రెండు ఖాతాలనూ మామూలు ఖాతాలుగా ఉంచి, అడ్మినిస్ట్రేటర్‌కు మూడో ఖాతా పెట్టాం. కొత్త ప్రోగ్రాం వేయాలంటేనే దాని అవసరం.

ఆ తర్వాత వచ్చింది ఈ కీపాస్‌ఎక్స్‌సీ. ఇది పాస్‌వర్డులు దాచే ప్రోగ్రాం. ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు. మన రహస్యాలను ఎక్కడో ఉన్న సర్వర్‌లో కాక, మన కంప్యూటర్‌లోనే ఒక్క ఫైలులో పెట్టి, ఏఈఎస్ 256 అనే గట్టి సంకేత పద్ధతితో తాళం వేస్తుంది. మేం మూడు ఫైళ్లు చేసుకున్నాం: ఒకటి నాది, ఒకటి ఆయనది, మూడోది "ఇల్లు". కరెంటు బిల్లు, గ్యాస్, అబ్బాయి కాలేజీ, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఆ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇంటి ఫైలులో ఉంటాయి. దాని తాళం, అంటే ఫైలు తెరిచే పాస్‌వర్డ్, ఇద్దరికీ తెలుసు. మిగతా రెండిటి తాళాలు ఎవరివి వాళ్లకే.

మా అత్తగారికి ఇది నచ్చలేదు. "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేమిటమ్మాయ్?" అన్నారు. ఆమెకు మావారే జవాబు చెప్పారు. ఏ రైతు ఎంత బయానా తీసుకున్నాడో, ఎవరి కూతురి పెళ్లికి ఎంత అప్పయిందో అంతా తన పుస్తకంలో ఉంటుందని, అది తన భార్యకు కూడా తెలియదన్న నమ్మకంతోనే వాళ్లు తన దగ్గరికి వస్తారని అన్నారు. బడిలో పిల్లలు నాకు చెప్పుకునే సంగతులూ అలాంటివే కదా. ఆమె ఇంకేమీ అనలేదు.

వాడకం విషయానికొస్తే, రోజువారీ పనికి హాయిగా ఉంటుంది. ఒక పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కాపీ చేస్తే, పది సెకన్లలో క్లిప్‌బోర్డు నుంచి, అంటే కాపీ చేసినది తాత్కాలికంగా నిలిచే చోటు నుంచి, దానంతట అదే చెరిగిపోతుంది. ఆ పది సెకన్లూ కిందనున్న గీత తరుగుతూ పోవడం చూస్తుంటే నాకు పరీక్ష హాలు గంట గుర్తొస్తుంది. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే మూతపడేలా పెట్టుకున్నాను. ఫైలు తెరుచుకునేటప్పుడు క్షణకాలం ఆగుతుంది. అది లోపం కాదు. దొంగ ఒక్కొక్క మాటా వేసి చూడకుండా, ప్రతి ప్రయత్నానికీ సమయం, మెమరీ ఖర్చయ్యేలా కావాలనే అలా కట్టారు. నా తాళం ఆరు తెలుగు మాటలు, ఇంగ్లిష్ అక్షరాలలో.

ఇంటర్నెట్ అక్కరలేకపోవడం ఎంత మేలో 2022 మే నెలాఖరులో తెలిసింది. అమలాపురంలో అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. రైతులకు డబ్బు వేయవలసిన రోజులవి. మావారు ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి, అక్కడ కూర్చుని చెల్లింపులన్నీ చేసుకుని వచ్చారు. ఖాతా నంబర్లన్నీ ఫైలులోనే ఉన్నాయి, ఏదీ దింపుకోవలసిన పని లేకపోయింది.

ఇబ్బందులు లేవని కాదు. తాళం మాట మరిచిపోతే ఎవరూ తెరిచి ఇవ్వలేరు. "పాస్‌వర్డ్ మరిచాను" అనే మీట ఇందులో ఉండదు. అందుకని ఎవరి మాట వాళ్లం కాగితం మీద రాసి, కవరు అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేసి బీరువాలో పెట్టుకున్నాం. ఇంటి ఫైలును ఆయన పెన్‌డ్రైవులో, నేను ల్యాప్‌టాప్‌లో మారిస్తే రెండు ప్రతులు తయారవుతాయి. వాటిని కలిపే సదుపాయం ఉంది కానీ, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని కలపాలి. కంప్యూటర్‌లో ఎవరైనా మీటల నొక్కుళ్లను పట్టే దొంగ ప్రోగ్రాం పెడితే ఈ తాళం ఆపలేదు. కాబట్టి భార్య మీద నిఘా పెట్టే మగవాడున్న ఇంటికి ఇది మందు కాదు. "ప్రేముంటే పాస్‌వర్డ్ చెప్పు" అని అడిగే ఇంటికీ కాదు. భార్యాభర్తలు రహస్యంగా రికార్డు చేసిన ఫోను మాటలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే చెడిందని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ రెండో మాట మీదే మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది వేరే. ఫైలు తెరిస్తే మొత్తం తెరుచుకుంటుంది. ఒక్క అర మాత్రమే తెరిచే వీలు లేదు.

రెండేళ్ల కిందట మావారికి గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ బీమా పాలసీ నంబరు అడిగారు. ఇంటి ఫైలులో చూస్తే లేదు, ఆయన ఫైలులో పెట్టుకున్నారు. ఐసీయూలో ఉన్న మనిషిని అడిగేదెలా? రాత్రికి రాత్రి అంబాజీపేట వచ్చి బీరువాలోంచి ఆయన కవరు తీశాను. ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. చివరికి చింపాను.

ఫైలు తెరవగానే పేర్ల వరస వచ్చింది. పైన వెతికే గడిలో "పాలసీ" అని కొట్టేలోపే వరస మధ్యలో మా తమ్ముడి పేరు కనబడింది. మా తమ్ముడి పేరుతో ఆయన దగ్గర ఏముంటుంది? ఒక్క నొక్కు నొక్కితే తెలిసిపోతుంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, గోడ గడియారం చప్పుడు ఒక్కటే వినబడుతోంది. "పాలసీ" అని కొట్టాను. ఒక్క పేరే మిగిలింది. నంబరు చేతి మీద రాసుకుని ఫైలు మూసేశాను.

పది రోజులకు ఆయన ఇంటికి వచ్చారు. కాస్త కోలుకున్నాక చింపిన కవరు ముందు పెట్టి చెప్పాను: "మీ ఫైలు తెరిచానండీ. పాలసీ ఒక్కటే చూశాను. తమ్ముడి పేరు కూడా కనబడింది. అది తెరవలేదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నాది కాదు, వాడిది. ఎవరికీ చెప్పవద్దన్నాడు. మీ చెల్లెలి ఉత్తరం లాంటిదే అనుకో," అన్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని పాలసీలు, ఆసుపత్రి కాగితాలు, నామినీల వివరాలు అన్నీ ఇంటి ఫైలులోకి మార్చాం. ఆయన కొత్త తాళం పెట్టుకుని, కొత్త కవరు అంటించి సంతకం చేశారు. నేనే తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. మా తమ్ముడి పేరు ఇప్పటికీ ఆయన ఫైలులోనే ఉంది.