పళ్ళ డాక్టరు నడుము, పిలాటిస్ శిక్షణ: రెండున్నరేళ్ళ తరువాత

పద్దెనిమిదేళ్ళుగా నేను దంతవైద్యం చేస్తున్నాను. కూకట్‌పల్లిలో రెండు కుర్చీల చిన్న క్లినిక్కు నాది. కుడిచేతివాటం గల పళ్ళ డాక్టరు రోగి తలకు కుడివైపున స్టూలు వేసుకుని, ముందుకు వంగి, ఒక పక్కకు ఒరిగి, మోచేతిని గాలిలో నిలిపి, నోటి లోపల గోరంత చోటును చూస్తూ గంటలకు గంటలు గడుపుతాడు. రోగికి నొప్పి తెలియకుండా మత్తు ఇస్తాము గాని, మాకు ఇచ్చేవారు ఎవరూ ఉండరు. 2022 వానాకాలంలో ఒక ఆదివారం ఉదయం వాకిట్లో పడి ఉన్న దినపత్రికను తీయబోతే నడుము కలుక్కుమంది. మళ్ళీ నిటారుగా నిలబడడానికి నాలుగు రోజులు పట్టింది.

ఎమ్మారైలో నడుము భాగంలోని ఎల్‌4-ఎల్‌5 పూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళ, అంటే డిస్కు, కొద్దిగా ఉబ్బినట్టు కనిపించింది. ఆపరేషను అవసరం లేదనీ, ఈ వయసులో నొప్పి లేనివారికి కూడా ఇలాంటి ఉబ్బు కనిపించడం మామూలేననీ ఎముకల డాక్టరు చెప్పారు. ఆరు వారాల ఫిజియోథెరపీతో నొప్పి తగ్గింది. రెండు నెలలకు తిరిగి వచ్చింది. నేర్పిన వ్యాయామాలను నేను ఇంట్లో చేయకపోవడం ఒక కారణం, చేసిన నాలుగు రోజులూ తప్పుగా చేయడం రెండో కారణం. ఆ రెండో కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2023 జనవరిలో జూబ్లీహిల్స్ ప్రాంతంలోని ఒక స్టూడియోలో ఒక్కరికే నేర్పే పిలాటిస్ శిక్షణలో చేరాను. పిలాటిస్ అంటే ఊపిరినీ కదలికనూ అదుపులో పెట్టుకుంటూ నెమ్మదిగా చేసే ఒక వ్యాయామ పద్ధతి. మొదటి ఆరు నెలలు వారానికి రెండుసార్లు, తరువాతి ఏడాది వారానికి ఒకసారి, ఆఖరి ఏడాది పక్షానికి ఒకసారి చొప్పున 2025 జూన్ దాకా మొత్తం 118 తరగతులకు వెళ్ళాను. మొదట్లో తరగతికి 1,800 రూపాయలు ఉన్న రుసుము చివరికి 2,200 అయింది. అన్నీ కలిపి దాదాపు రెండు లక్షల ముప్పై వేలు ఖర్చయింది. ఇది చిన్న మొత్తం కాదు కనుక, ఆ డబ్బుకు నాకు దక్కినదేమిటో దక్కనిదేమిటో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను ఊహించుకుని వెళ్ళినది బల్లలు, కప్పీలు, స్ప్రింగులు ఉన్న యంత్రాన్ని. మొదటి రోజు గంటసేపూ యంత్రం జోలికే పోనివ్వలేదు. నేర్పే అమ్మాయి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నన్ను గోడకు ఆనుకుని నిలబడమంది, తలతో మొదలుపెట్టి ఒక్కొక్క పూసనే గోడ నుంచి విడదీస్తూ కిందికి వంగమంది, మళ్ళీ అదే వరుసలో లేవమంది. తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, పక్కటెముకల మీద చేతులు ఆనించి, పొట్ట ఉబ్బకుండా పక్కటెముకలు పక్కలకూ వెనక్కూ విచ్చుకునేలా ఊపిరి తీసుకోమంది. "డాక్టరు గారూ, ఊపిరి బిగబట్టారు, వదిలేయండి" అన్న మాటను ఆ గంటలో ఇరవైసార్లు విని ఉంటాను. అద్దం పట్టుకుని పన్ను చూస్తున్నప్పుడు కూడా నేను ఊపిరి బిగబట్టే ఉంటానని మర్నాడు క్లినిక్కులో గమనించాను. అయినా మొదటి నెల మొత్తం విసుగ్గానే గడిచింది. చెమట పట్టని వ్యాయామానికి ఇంత డబ్బు ఎందుకు పోయాలో అర్థమయ్యేది కాదు.

రెండో నెలలో రిఫార్మర్ మీదికి ఎక్కాను. చూడని వారి కోసం చెప్పాలంటే, అది మంచం ఎత్తున ఉండే పొడవాటి చట్రం. దాని మీద పట్టాల వెంట ముందుకూ వెనక్కూ జారే మెత్తని పలక ఉంటుంది, ఆ పలకను చట్రానికి బిగించే నాలుగైదు స్ప్రింగులు ఉంటాయి, పాదాలు ఆనించడానికి ఒక కడ్డీ, చేతులతో లాగడానికి పట్టీలు ఉంటాయి. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వారి నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, లేవలేని రోగుల చేత వ్యాయామం చేయించడానికి మంచాలకు స్ప్రింగులు తగిలించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమో గాని, నొప్పితో ఉన్న మనిషికి పడుకుని కాళ్ళకు పని చెప్పగలగడం ఎంత వెసులుబాటో ఆ పలక మీద పడుకున్నాకే తెలిసింది. నిలబడి గుంజీ తీయలేని రోజుల్లో కూడా, పాదాలు కడ్డీకి ఆనించి పలకను నెడుతూ అదే పనిని వెన్నెముక మీద బరువు పడకుండా చేయగలిగాను.

స్ప్రింగులు ఎంత ఎక్కువైతే అంత కష్టమని అందరిలాగే నేనూ అనుకున్నాను. కాళ్ళతో నెట్టేటప్పుడు అది నిజమే. అదే పలక మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి శరీరాన్ని కదలకుండా నిలపవలసి వచ్చినప్పుడు లెక్క తారుమారవుతుంది. స్ప్రింగు తగ్గించిన కొద్దీ పలక పట్టు లేకుండా జారిపోతుంది, దాన్ని ఆపవలసిన భారమంతా పొట్ట లోపలి కండరాల మీద పడుతుంది. ఒక స్ప్రింగు తీసేసి ఆ అమ్మాయి "ఇప్పుడు తేలిక చేశాను" అని నవ్వినప్పుడల్లా నాకు గుండె గుభేలుమనేది.

నేను డబ్బు పెట్టి కొన్నది ఏమిటో మూడో నెలలో తెలిసింది. ఒంటికాలితో పలకను నెట్టే వ్యాయామంలో, కుడి కాలితో నెట్టిన ప్రతిసారీ నా తుంటి ఆ పక్కకు తిరిగిపోతోందని ఆమె పట్టుకుంది. నాకు అలాంటిదేమీ తెలియలేదు. ఎడమ తుంటి కింద మడిచిన తువ్వాలు పెట్టి, చేత్తో నా కటిని సరిచేసి "ఇప్పుడు నెట్టండి" అంది. అప్పుడు నేను పూర్తిగా వంకరగా పడుకున్నట్టు అనిపించింది. పక్కనున్న అద్దంలో చూస్తే నిటారుగానే ఉన్నాను. అంటే, ఇన్నేళ్ళు ఒక పక్కకు ఒరిగి పనిచేసిన శరీరానికి ఆ ఒరుగుడే సరళరేఖ అయిపోయింది. సొంతంగా చేసుకున్న వ్యాయామాలన్నిటినీ నేను ఆ తప్పుడు సరళరేఖ మీదనే చేశాను. మధ్యలో ఒక నెల, తరగతికి 600 రూపాయలే కదా అని ఆరుగురు కలిసి చేసే సామూహిక తరగతులకు వెళ్ళి చూశాను. వ్యాయామాలు అవే, మాటలు అవే. నా తుంటిని చూసే కళ్ళు మాత్రం లేవు, నెల తిరిగేసరికి పాత ఒరుగుడు మళ్ళీ వచ్చేసింది. ఎలాంటి వంకరా లేని మనిషికి ఆ సామూహిక తరగతి సరిపోతుందనడంలో నాకు సందేహం లేదు.

నొప్పి సంగతికి వస్తే, రోజూ రాత్రి పడుకునే ముందు పదికి ఎంతో ఒక పుస్తకంలో రాసుకునేవాడిని. చేరిన వారంలో ఆరు. మూడు నెలలకు నాలుగు. ఆరు నెలలకు రెండు. ఏడాది తరువాత చాలా రోజులు రాయడానికే గుర్తుండేది కాదు. వరసగా రెండు రూట్ కెనాల్ చికిత్సలు చేసి కూడా, స్టూలు మీద నుంచి నడుము పట్టుకోకుండా లేవగలుగుతున్నాను.

అయితే ఆ తగ్గుదల తిన్నగా సాగలేదు. 2023 ఏప్రిల్‌లో నాకు నేర్పే అమ్మాయి సెలవులో ఉన్నప్పుడు వచ్చిన మరో శిక్షకుడు, నా ఎమ్మారై సంగతి అడగకుండానే, మోకాళ్ళు ఛాతీకి పట్టుకుని వీపు మీద బంతిలా దొర్లే వ్యాయామం చేయించాడు. ఆ రాత్రికి నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా దిగింది, పది రోజులు క్లినిక్కు సగంపూటే తెరిచాను. ఉబ్బిన డిస్కు ఉన్నవారిలో కొందరికి బాగా ముందుకు వంగే కదలికలు పడవు, నేను ఆ కొందరిలో ఒకడిని. దీనిలో ఆ స్టూడియో తప్పు ఎంత ఉందో, నోరు తెరిచి చెప్పని నా తప్పూ అంతే ఉంది. పిలాటిస్ అనే పేరు ఎవరి సొత్తూ కాదని, అది యోగా లాంటి సామాన్య పదమేనని 2000లో అమెరికా కోర్టు ఒకటి తీర్పు చెప్పింది. కనుక ఆ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఎన్ని గంటల శిక్షణ పొందారు, వెన్నునొప్పి ఉన్నవారికి నేర్పిన అనుభవం ఉందా, రిపోర్టులు చూస్తారా అని చేరేముందే అడగడం మన పని. "డిస్కు లోపలికి వెళ్ళిపోతుంది" అని హామీ ఇచ్చేవారి దగ్గర నుంచి మాత్రం లేచి వచ్చేయవచ్చు. కాలు బలహీనపడడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఉంటే వెళ్ళవలసింది ఏ స్టూడియోకూ కాదు, వెంటనే ఆసుపత్రికి.

నిటారు భంగిమ విషయంలో నా తీర్పు స్టూడియో వారికి నచ్చకపోవచ్చు. చేరిన రోజునా, ఏడాది తరువాతా పక్క నుంచి తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. తల ఇప్పటికీ భుజాల కంటే ముందుకే ఉంది. భుజాలు కాస్త వెనక్కి వచ్చాయని వారు గీతలు గీసి చూపించారు గాని, రెండు ఫోటోలను కలిపి చూపిస్తే ఏది ముందుదో మా ఆవిడ చెప్పలేకపోయింది. రూపం మారకుండానే నొప్పి తగ్గింది. వంగిన వారందరికీ నడుము నొప్పి రాదు, నిటారుగా నిలబడేవారికి రాకుండానూ పోదు. నాలో మారినది నిలబడే తీరు కంటే, ఒకే తీరులో ఎంతసేపు ఉండిపోతున్నానో తెలుసుకోవడం అని అనుకుంటున్నాను. ఇప్పుడు పది నిమిషాలకు ఒకసారి ఒంటికి దానంతట అదే కదలాలనిపిస్తుంది.

మరొక సంగతి దాచకూడదు. ఇదే కాలంలో నేను భూతద్దాల కళ్ళజోడు, గుర్రపు జీను ఆకారంలో ఉండే స్టూలు కొనుక్కున్నాను. మెడ నొప్పి తగ్గిన ఘనతలో ఎక్కువ భాగం ఆ కళ్ళజోడుకే ఇస్తాను. నడుము విషయంలో కూడా ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. నడుము నొప్పికి పిలాటిస్ మీద జరిగిన పది పరీక్షలను, 510 మందిని కలిపి పరిశీలించిన 2015 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా, దాదాపు ఏమీ చేయకపోవడం కంటే ఇది మేలేనని, మిగతా వ్యాయామాల కంటే మేలని తేల్చే ఆధారం మాత్రం లేదని చెప్పింది. "రోజూ సూర్యనమస్కారాలు చేస్తే పోయేదానికి ఇన్ని వేలు ఎందుకురా నాన్నా?" అని అడిగే మా అమ్మకు కాబట్టి నా దగ్గర గట్టి జవాబు లేదు. పక్కన కూర్చుని నా తుంటిని చూసే యోగా గురువు దొరికి ఉంటే అదీ పనిచేసేదేమో. గురువు లేకుండా చేసిన సూర్యనమస్కారాలలో, ముందుకు వంగిన ప్రతిసారీ నా నొప్పి పెరిగిందన్నది మాత్రం నిజం.

ఇబ్బందులలో పెద్దది ప్రయాణం. సాయంత్రంపూట కూకట్‌పల్లి నుంచి కారులో వెళ్ళడానికి యాభై నిమిషాలు, రావడానికి గంట. నడుము నొప్పి తగ్గించుకోవడం కోసం నడుము నొప్పి తెచ్చే ప్రయాణం అన్నమాట. నాలుగు నెలల తరువాత బుద్ధి వచ్చి, అమీర్‌పేటలో మెట్రో మారుతూ నిలబడి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండోది రుసుము నిబంధన. 24 గంటల ముందు చెప్పకపోతే తరగతి పోయినట్టే. దవడ వాచి వచ్చిన రోగికి రేపు రమ్మని చెప్పలేము కదా, అలా తొమ్మిది తరగతుల డబ్బు పోయింది. నిబంధన ముందే చదివి సంతకం పెట్టాను కనుక గొడవపడలేదు గాని, వైద్యవృత్తిలో ఉన్నవారు పెద్ద ప్యాకేజీ కొనేముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తే మొదటి ఆరు నెలలు ఇలాగే ఒక్కరికే నేర్పే తరగతుల్లోనే నేర్చుకుంటాను, ఆ తరువాతి ఏడాదిని సగానికి తగ్గిస్తాను. ఒంట్లో ఏది ఎక్కడుందో ఒకసారి తెలిశాక, వారం వారం వెళ్ళి చేసినవి ఇంట్లో చేసుకోగలిగినవే. ఇప్పుడు ఉదయం చాప మీద ఇరవై నిమిషాలలో ఊపిరి, నడుమును పూసపూసగా పైకి లేపే వంతెన, పక్కకు పడుకుని కాలు ఎత్తడం, పిల్లిలా వీపును వంచడం, బోర్లా పడుకుని ఛాతీని కొద్దిగా లేపడం అనే అయిదు మాత్రమే చేస్తున్నాను. రెండు నెలలకు ఒకసారి స్టూడియోకు వెళ్ళి చూపించుకుంటున్నాను. మొన్న వెళ్ళినప్పుడు అంతా సవ్యంగా ఉందన్న ధీమాతో రిఫార్మర్ మీద పడుకుని కుడి కాలితో నాలుగుసార్లు నెట్టాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా వెళ్ళి అరలోంచి తువ్వాలు తెచ్చి, మడిచి, నా ఎడమ తుంటి కింద పెట్టింది.