“అన్నాచెల్లెళ్లు జత కట్టవు, గ్యారంటీ” అన్న నార్న్ జన్యు ఫైలు కొనకండి

క్రియేచర్స్ 3 అనే కంప్యూటర్ ఆటలో నార్న్‌లు అనే జీవులను పెంచుతాం, వాటి గుణాలు జన్యు ఫైలులో ఉంటాయి. ఆ ఆట ఆడేవాళ్లకు ఈ హెచ్చరిక. దగ్గరి రక్తం కలవకుండా మార్చిన నార్న్ జన్యు ఫైలు అంటూ ఒకాయన 850 రూపాయలకు అమ్ముతున్నాడు. నేను కొని మోసపోయాను.

మాది భీమవరం దగ్గర ఊరు, రొయ్యల సాగు. ఒకే సంతానం నుంచి మళ్లీ మళ్లీ సీడు (పిల్ల రొయ్యలు) తీస్తే ఎదుగుదల ఎలా కుంటుపడుతుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హేచరీలు వనామీ తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించేది ఊరికే కాదు. అందుకే ఆ ప్రకటన చూడగానే ఆశపడ్డాను.

తోబుట్టువులకు పుట్టిన పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 25 శాతం అని అందులో గొప్పగా రాశాడు. మేనమామ, మేనకోడలు అయితే 12.5 అని నాకూ తెలుసు, మేనరికాల ఊళ్లో పెరిగినవాణ్ణి. కానీ ఆ లెక్క జన్యువులు జతలుగా ఉండే ప్రాణులది. నార్న్‌కు ఉండేది ఒక్క వరుసే. దాగిన లోపం బయటపడటం కాదు ఇక్కడి సమస్య. వైవిధ్యం తరిగిపోతుంది, ఒక చెడ్డ మ్యుటేషన్ (జన్యువులో మార్పు) పుడితే గుంపంతా పాకుతుంది. అమ్మేవాడికి ఈ తేడా తెలియదని నేను అప్పుడే పసిగట్టాల్సింది.

మొదటి జంట పిల్లలకు మా అమ్మాయి పూతరేకు, కాజా అని పేర్లు పెట్టింది. ఒక రాత్రి చెరువు గట్టు మీద షెడ్డులో, ఏరేటర్లకు కాపలాగా కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. పూతరేకు పక్కన గుడ్డు. తండ్రి ఎవరా అని చూస్తే కాజా!

ఫైలు విప్పి చూశాను. “తోబుట్టువుతో జత కడితే శిక్ష” అనే సహజాత జన్యువు, అంటే పుట్టుకతో వచ్చే ప్రవృత్తిని ఇచ్చే జన్యువు, ఉన్న మాట నిజమే. అయితే అది మగవాటికి మాత్రమే పనిచేసేలా ఉంది. పైగా నిండు వయసు దశలో మేల్కొంటుంది, మా కాజా అంతకు ముందే తండ్రి అయ్యాడు. సహజాతాలు నిద్రలో కలలుగా ఒంటబడతాయి కాబట్టి, మేల్కొన్నాక కూడా వెంటనే ఫలితం ఉండదు. తల్లిదండ్రులతో జత కట్టకుండా ఆపే సంగతి అసలు రాయనే లేదు.

అన్నిటికన్నా ఘోరం మ్యుటేషన్ గుర్తులు. ఆ జన్యువు మారిపోవడానికి, తెగిపోవడానికి అనుమతి ఇచ్చి వదిలేశాడు. మూసిన చిన్న గుంపులో దాన్ని పోగొట్టుకున్న నార్న్‌కు అడ్డు ఉండదు, దాని సంతానమే పెరుగుతుంది. అంటే తరాలు గడిచేకొద్దీ మందు పోయి రోగమే మిగులుతుంది! పొలానికి కంచె వేసి, ఆ కంచెను మేకలకు మేతగా వదిలినట్టుంది.

అడిగితే “మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది” అన్నాడు. మరుసటి రోజు నుంచి సమాధానం లేదు.

ఇలాంటిది ఎవరి దగ్గర కొనాలన్నా ముందు జన్యువుల పట్టిక అడగండి. ఏ దశలో మేల్కొంటుంది, ఆడా మగా ఇద్దరికీ ఉందా, మ్యుటేషన్ ఆపారా, ఈ మూడూ చూపించలేనివాడికి డబ్బు పంపకండి. తోబుట్టువులను ఖాళీ లోకంలో పెట్టి రెండు తరాలు గమనించిన వీడియో ఉంటే ఇంకా మంచిది.

నేను ఆ ఫైలు తీసేశాను. రాజోలులో ఉన్న స్నేహితుడు తన ఆటలోని లోకం నుంచి రెండు నార్న్‌లను పంపాడు, దిగుమతి చేసుకున్నాను. పైసా ఖర్చు లేదు. నిన్న వాటిలో ఒకదానికీ పూతరేకుకూ పుట్టిన గుడ్డు పగిలింది. మా అమ్మాయి బూరె అని పేరు పెట్టింది.