విశాఖ రాళ్ల మీద లూర్ ఫిషింగ్: తొమ్మిది అడుగుల రాడ్, 4000 రీలు ఎలా పనిచేశాయి

లూర్ ఫిషింగ్ అంటే రొయ్యలాంటి నిజమైన ఎర బదులు కృత్రిమ ఎర (లూర్) విసిరి చేపలు పట్టడం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరూ ముందు అడిగేది ఏ సెట్ కొనాలని. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది తొమ్మిది అడుగుల రెండు ముక్కల స్పిన్నింగ్ రాడ్ (గాలం కర్ర), 4000 సైజు రీలు (దారం చుట్టే చక్రం), 20 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం, దాని చివర లూర్ కట్టడానికి ఒకటిన్నర మీటరు 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ ముక్క. ఖరీదైనవేం కావు. జోడుగుళ్లపాలెం, యారాడ, భీమిలి వైపు రాళ్లన్నిటి మీదా తిరిగాయి.

పొడవు విషయంలో నాకు అనుమానం లేదు. ఏడడుగుల రాడ్‌తో విసరడం బాగానే ఉంటుంది గానీ, చేపను లాగేటప్పుడు దారం ముందున్న రాతి అంచుకు రాసుకుంటుంది. తొమ్మిది అడుగులైతే ఆ అంచు దాటించి పట్టుకోవచ్చు. పదకొండు అడుగులది ఇంకా దూరం పంపుతుంది, గంట తిరక్కుండా భుజం పట్టేస్తుంది. జెట్టీ మీదైతే ఇంత పొడవు దండగ. అక్కడ చేప స్తంభాల నీడన తిరుగుతుంది, పది పదిహేను గ్రాముల జిగ్‌ను (బరువైన లోహపు లూర్) నిలువుగా దించి ఆడిస్తే చాలు. కాకపోతే మన హార్బర్ జెట్టీల్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టనివ్వరు.

ఇన్నాళ్ల వాడకంలో ముందు పాడైంది రీలు కాదు, రాడ్ కొసన దారం దూరి వెళ్లే గైడ్. అందులో పింగాణీలాంటి గట్టి రింగు ఉంటుంది. రాడ్‌ను రాళ్ల మీద పడుకోబెట్టినప్పుడు ఎక్కడో తగిలి వెంట్రుకవాసి చీలిక వస్తుంది. కంటికి ఆనదు. విసిరిన ప్రతిసారీ దారం కాస్త కాస్త నూగు లేస్తుంది, ఒకరోజు జిగ్ గాల్లో ఉండగానే టప్పున తెగి సముద్రంలో పడుతుంది. షాపులో అడిగితే దారం నాసిరకం అని కొత్తది అంటగడతారు! చెవులు తుడుచుకునే దూది పుల్లను రింగులో గుండ్రంగా తిప్పి చూడండి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే చీలిక అక్కడే. మార్చడం పెద్ద పనేం కాదు. పాత కొస గైడ్‌ను కొద్దిగా వేడి చేస్తే జిగురు వదులై ఊడొస్తుంది, అదే సైజుది తెచ్చి అతికించుకోవడమే.

రీలులో నాకు నచ్చింది డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే బ్రేకు. పార చేప తగిలిందంటే మొదటి పరుగు ఆపడం మనవల్ల కాదు, దారం మెత్తగా వదలాల్సిందే. దారం బలంలో మూడో వంతుకు మించి బిగించకండి. లైన్ రోలర్ (దారం చుట్టుకునేటప్పుడు దాని మీదుగా జారే చిన్న కప్పీ) మాత్రం ఉప్పు పట్టి కీచుమంటుంది. ఇంటికి రాగానే డ్రాగ్ పూర్తిగా బిగించి మంచినీళ్లు పైపైన చిలకరించాలి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టాలి. కుళాయి ధార కింద పెడితే ఉప్పు లోపలికే పోతుంది.

లూర్లు పెట్టె నిండా అక్కర్లేదు. 30, 40 గ్రాముల మెటల్ జిగ్‌లకే కానాగడతలు, చిన్న పారలు ఎక్కువ పడ్డాయి. మిన్నోలు (చిన్న చేప ఆకారపు లూర్లు) నీళ్లు తేటపడే చలికాలంలోనే పనికొచ్చాయి. మూడు ముళ్ల హుక్ తీసేసి జిగ్ తల దగ్గర ఒంటి హుక్ కట్టాక రాళ్లలో చిక్కుకోవడం బాగా తగ్గింది. నిజం చెప్పాలంటే, కూరకు చేప కావాలనుకుంటే ఇదంతా అనవసరం. పక్క రాయి మీద రొయ్య గుచ్చి చేతి గాలం వేసే తాత మనకన్నా ఎక్కువే పడతాడు.

చెప్పులతో మాత్రం వెళ్లకండి, పాచి మీద నిలవవు. పెద్ద అలలు వరసగా కొన్ని వచ్చి మళ్లీ సద్దుమణుగుతాయి. వెళ్లగానే విసరకుండా ఓ ఇరవై నిమిషాలు చూసి, తడవని రాయి మీదే నిలబడండి. నైరుతి అలల రోజుల్లో అసలు వెళ్లొద్దు.

మళ్లీ కొనాల్సొస్తే రాడ్, రీలు ఇవే కొంటాను. దారం మాత్రం నాలుగు పోగులది తీసుకుంటాను. ఎనిమిది పోగులది నున్నగా, దూరం పోతుంది గానీ రాయికి రాసుకుంటే త్వరగా తెగుతోంది.