రెడ్ లైట్ వీధుల్లో విదేశీ యాత్రికులు: చట్టం ఒక చోట, భాష ఇంకో చోట

వీధి నిండా నియాన్ దీపాలు, మూలమీద పోలీసులు. అంత మాత్రాన అక్కడ జరిగేదంతా చట్టబద్ధం అనుకోకండి. బ్యాంకాక్ పాత్‌పోంగ్, పటాయా వాకింగ్ స్ట్రీట్ ఎంత బాహాటంగా కనిపించినా, థాయ్‌లాండ్‌లో సెక్స్ వర్క్‌ను 1996 నాటి చట్టం నిషేధిస్తోంది. లాస్ వేగాస్ సంగతీ అంతే. ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్రంలో వేశ్యాగృహాలకు లైసెన్సులున్నది కొన్ని గ్రామీణ కౌంటీల్లోనే, వేగాస్‌లో కాదు. స్వీడన్‌లో 1999 నుంచి సెక్స్ సేవ అమ్మడం నేరం కాదు, కొనడం నేరం. నార్వే, ఐస్‌లాండ్ 2009లో, ఫ్రాన్స్ 2016లో అదే బాట పట్టాయి. ఫ్రాన్స్‌లో జరిమానా 1,500 యూరోల దాకా ఉంటుంది, మళ్లీ పట్టుబడితే 3,750 దాకా.

అనుమతి ఉన్న చోట షరతులూ ఉంటాయి. జర్మనీలో 2017 చట్టం ప్రకారం వర్కర్లు పేరు నమోదు చేసుకోవాలి, కండోమ్ తప్పనిసరి. ఉల్లంఘిస్తే జరిమానా పడేది కస్టమర్‌కే. న్యూజిలాండ్ 2003లోనే సెక్స్ వర్క్‌ను నేరాల జాబితా నుంచి తీసేసింది. కానీ తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు ఆ పని చేయకూడదు, చేస్తే దేశం నుంచి పంపేయవచ్చు.

చూసి రావడానికే వెళ్లేవాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్ రెడ్ లైట్ ప్రాంతం డి వాలెన్ సులువైన చోటు. ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. సెక్స్ వర్కర్లు కూర్చునే కిటికీల ముందు గైడెడ్ టూర్లను 2020 ఏప్రిల్ నుంచి నిషేధించారు కాబట్టి, అలాంటి టూర్ అమ్మజూపేవాళ్లను నమ్మవద్దు. కిటికీల వైపు కెమెరా ఎత్తవద్దు. లోపల ఉన్నది పనిలో ఉన్న మనిషి, ప్రదర్శన వస్తువు కాదు. రాత్రి నిద్ర కావాలంటే గది మాత్రం ఆ కాలువల పక్కన తీసుకోకపోవడం మేలు.

భాష రాకపోతే అసలు దెబ్బ తగిలేది టోక్యోలో బార్లు, క్లబ్బులు నిండిన కబుకిచో ప్రాంతంలో. దళారుల వెంట వెళ్లవద్దని అక్కడ లౌడ్‌స్పీకర్లలో హెచ్చరిస్తూనే ఉంటారు. దళారి నోటిమాటగా ఒక చవక ధర చెబుతాడు. లోపల బిల్లులో కుర్చీ చార్జీ, సర్వీస్ చార్జీ, ఐస్, పక్కన కూర్చున్న అమ్మాయి తాగిన గ్లాసులు, అన్నీ జపనీస్‌లో ఒక్కో వరుసగా చేరిపోతాయి. వీధిలోని చిన్న పోలీస్ ఔట్‌పోస్టుకు వెళ్తే ఇది డబ్బు తగాదా, మీరూ మీరూ తేల్చుకోండి అనే అవకాశమే ఎక్కువ. అందుకే కూర్చోకముందే ఫోన్ కాలిక్యులేటర్‌లో మొత్తం అంకె కొట్టించుకోండి. ఎంతసేపటికి, పన్నుతో కలిపేనా అని అడిగి, ఆ స్క్రీన్‌ను ఫొటో తీసుకోండి. ధరల పట్టిక చూపించకపోతే లేచి వచ్చేయండి. కార్డు చేతికివ్వకండి.

పోలీస్ స్టేషన్ దాకా వెళ్తే ఫోన్‌లోని అనువాద యాప్‌ను నమ్ముకోవడం ప్రమాదం. ఎవరు ఎవరికి డబ్బిచ్చారన్నది యాప్ తారుమారు చేస్తే, అదే వాంగ్మూలంలోకి ఎక్కుతుంది. జపాన్‌లో అభియోగం మోపకుండానే 23 రోజుల దాకా నిర్బంధించవచ్చు, ఆ కాలంలో సంతకం పెట్టిన ప్రతి కాగితమూ కీలకమే. దుబాసీని అడగండి, మీకు బాగా వచ్చిన భాష పేరు స్పష్టంగా చెప్పండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం మీ దేశ కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు ఉంది. అయితే వాళ్లు లాయర్ల జాబితా ఇస్తారు, కేసు మాఫీ చేయించలేరు.

పిల్లల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు, ఉండకూడదు. భాష రాక వయసు తెలియలేదన్న మాటను నమ్ముకుని ఎవరూ అడుగు వేయకూడదు. చాలా దేశాలు తమ పౌరులు విదేశాల్లో పిల్లలపై చేసిన లైంగిక నేరాన్ని సొంత కోర్టుల్లోనే విచారిస్తాయి. అమెరికాలో శిక్ష 30 ఏళ్ల దాకా పడవచ్చు.

ఒక మనిషి పాస్‌పోర్టు వేరేవాళ్ల చేతిలో ఉన్నా, అడిగినదానికి పక్కవాళ్లే జవాబిస్తున్నా, తానున్న వీధి పేరు కూడా తనకు తెలియకపోయినా అది మనుషుల అక్రమ రవాణా అయి ఉండవచ్చు. మీరే కల్పించుకుంటే ఆ మనిషికే ముప్పు. బయటికి వచ్చి ఐరోపాలో 112కు, థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ పోలీసుల 1155కు ఫోన్ చేయండి. ముందు మీ భాష, తర్వాత వీధి, భవనం గుర్తు, సమయం చెప్పండి.