అమెరికా చరిత్రకు తోడుగా ఏ బైబిల్: జెనీవానా, కింగ్ జేమ్సా?

అమెరికా తొలి చరిత్ర చదివేవారికి తరచూ వచ్చే సందేహం ఇది: పక్కన ఏ పాత ఆంగ్ల బైబిల్ అనువాదం పెట్టుకోవాలి, జెనీవానా, కింగ్ జేమ్సా?

ఖర్చు: తేడా లేదు, రెండూ ఇంటర్నెట్‌లో ఉచితం.

శ్రమ: 1560 నాటి జెనీవా అక్షరక్రమం కళ్లకు పరీక్షే. 1611 నాటి కింగ్ జేమ్స్‌దీ పాత భాషే కానీ, నేడు దొరికే ప్రతుల్లో అక్షరక్రమం సవరించి ఉంటుంది.

జెనీవా అసలు రుచి అంచుల్లోని వ్యాఖ్యల్లో ఉంది. మగశిశువులను చంపమన్న ఈజిప్టు రాజు ఫరో ఆజ్ఞను బైబిల్‌లోని నిర్గమకాండంలో మంత్రసానులు ధిక్కరిస్తారు. ఆ ధిక్కారం న్యాయమే, రాజుతో అబద్ధమాడటమే తప్పు అంటుంది అంచున ఉన్న వ్యాఖ్య. ఇంగ్లాండ్ రాజు జేమ్స్‌కు అది కంటగింపు కాక ఏమవుతుంది! తన కొత్త అనువాదంలో ఇలాంటి వ్యాఖ్యలు వద్దన్నాడు. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్లి ప్లిమత్‌లో స్థిరపడిన వలసవాసులకు బాగా అలవాటైనది మాత్రం జెనీవానే.

ముప్పు: జెనీవాలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ అనుచరుల అభిప్రాయాన్ని మూలవాక్యంగా పొరబడవచ్చు. కింగ్ జేమ్స్‌తో, వలసవాసులందరూ మొదటినుంచీ దాన్నే చదివారన్న భ్రమ కలుగుతుంది.

పొందిక: అమెరికా స్వేచ్ఛకు గుర్తైన లిబర్టీ బెల్ అనే గంట మీది లేవీయకాండ వాక్యం, 1782లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ ఐట్కెన్ అచ్చువేసిన బైబిల్, 1865లో లింకన్ రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం, అన్నిటా కింగ్ జేమ్సే. 1861లో లింకన్ ప్రమాణం చేసిన ప్రతి మీదే 2009లో ఒబామా చేయి ఉంచారు.

ప్లిమత్ వలసవాసుల మనసు తెలియాలంటే జెనీవా తెరవండి. లింకన్ మాటలూ, 1963లో మార్టిన్ లూథర్ కింగ్ పలికిన యెషయా వాక్యాలూ వెతికేవారికి కింగ్ జేమ్స్ చాలు.