నాలుగేళ్ల 3060, ఆగని పుకార్లు

2021 ఆగస్టులో 52 వేలు పోసి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. దాన్ని తయారుచేసే ఎన్‌విడియా మన దేశానికి చెప్పిన ధర 29,500. క్రిప్టో మైనింగ్ పిచ్చి ముదిరిన రోజులవి. షాపాయన కార్డు ఒక్కటే ఇవ్వనని, మదర్‌బోర్డు కూడా తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. అది ఇప్పటికీ సీలు విప్పకుండా అటక మీదే ఉంది.

తణుకులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. తెల్లవారుజాము ముహూర్తమంటే మండపంలో సీరియల్ లైట్ల వెలుగే గతి, వీడియో నిండా నాయిస్, అంటే గింజగింజగా చుక్కలు. దావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, పక్క ఫ్రేములతో పోల్చి ఆ చుక్కల్ని తుడిచే టెంపోరల్ నాయిస్ రిడక్షన్ వేస్తే కార్డు మెమరీని గటగటా తాగేస్తుంది. కాస్త ఎక్కువ పెడితే తలంబ్రాల బియ్యం గింజల్ని కూడా నాయిస్ అనుకుని చెరిపేస్తుంది, ఆ బాధ వేరు. మా బాబాయి కొడుకు 2023లో 8 జీబీ 4060 కొన్నాడు. గేముల్లో నాకంటే వాడిదే పైచేయి. ఓసారి నా ప్రాజెక్టు వాడి దగ్గర తెరిస్తే, మెమరీ నిండిపోయిందంటూ సగంలో ఆగింది. "అన్నయ్యా, నీ పాతదే నయం కదా" అన్నాడు.

3060కి ఆ 12 జీబీ ఎన్‌విడియా దయ వల్ల రాలేదు, లెక్క వల్ల వచ్చింది. దాని మెమరీ బస్, అంటే మెమరీకీ కార్డు ప్రధాన చిప్పుకీ మధ్య దారి, 192 బిట్లు. ఒక్కో చిప్పుకి 32 బిట్లు పోతే ఆరు చిప్పులు. 1 జీబీవి పెడితే 6, 2 జీబీవి పెడితే 12, మధ్యలో 8 కుదరదు. 4060 బస్ 128 బిట్లే కాబట్టి నాలుగు చిప్పులు, 8 జీబీ. బోర్డుకి రెండు వైపులా చిప్పులు అతికిస్తే తప్ప అది 16 కాదు. 4060 టీఐ 16 జీబీలో చేసింది అదే. ఈ లెక్క తెలిశాక, రాబోయే కార్డుల మెమరీ గురించి ఏ పుకారు వచ్చినా ముందు బస్ ఎంతో చూస్తాను.

వేగం, కరెంటు గురించి వచ్చేవాటిని మాత్రం నమ్మడం మానేశాను. 4090 కార్డు 600 వాట్లు మింగుతుందని నెలల తరబడి ఊదరగొట్టారు, వచ్చింది 450. అంతదాకా ఎందుకు, 2022 సెప్టెంబరులో 899 డాలర్లకని వేదికెక్కి ప్రకటించిన 4080 12 జీబీని మరుసటి నెలే వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో అదే 4070 టీఐ అని పేరు మార్చుకుని 799కి వచ్చింది. ఇక 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల 5070లో 4090 పనితనం ఉంటుందన్నారు. అది డీఎల్‌ఎస్‌ఎస్ 4 అనే ఏఐ సాఫ్ట్‌వేర్ గేములో మధ్యమధ్య ఇరికించే ఫ్రేములు కలుపుకుని చెప్పిన మాట. అవి తీసేస్తే ఆ కార్డు 4070 సూపర్ దగ్గర తేలింది. నా ఎడిటింగ్ టైమ్‌లైన్‌కి ఆ అరువు ఫ్రేములతో పనేముంది?

ధర విషయంలో ఇంటి లెక్క ఒకటి ఉంది. 2025లో విడుదలప్పుడు మన దగ్గర 5070 ధర 59,000 అన్నారు, 5080ది 1,07,000, 5090ది 2,14,000. వాటి డాలర్ ధరలు 549, 999, 1,999. ఏది తీసుకున్నా డాలరుకి సుమారు 107 రూపాయలు పడింది. 3060 రోజుల్లో ఇదే 90 ఉండేది. 18 శాతం జీఎస్టీ అప్పుడూ ఉంది, పెరిగిన దాంట్లో పెద్ద వాటా రూపాయి పడిపోవడానిదే. కాబట్టి డాలర్ ధర బయటికొస్తే చాలు, ఎవరి జోస్యమూ అక్కర్లేదు.

నా కన్ను 18 జీబీతో వస్తుందంటున్న 5070 సూపర్ మీద. ఇంకా పుకారే గానీ బస్ లెక్కకి నిలుస్తుంది: అదే 192 బిట్లు, ఆరు చిప్పులు, కాకపోతే 3 జీబీవి. ధర సంగతే తేలదు. 2024లో 4070 సూపర్‌ని పాత 4070 విడుదల ధరకే, 599కే ఇచ్చారు. ఇప్పుడు ఏఐ సర్వర్ల దెబ్బకి మెమరీ రేట్లు భగ్గుమంటున్నాయి, ఆ ఉదారత మళ్లీ ఉంటుందనుకోను. 70 వేలు దాటుతుందని నా అంచనా.

మెమరీ కోసమే అయితే ఇంకో రెండేళ్లు లాగేవాణ్ని. మూడో ఏట ఒక ఫ్యాన్ గరగరమంటే దుమ్ము దులిపి, చిప్పు మీద వేడి లాగే పేస్టు మార్చి నడిపిస్తున్నాను, 84 డిగ్రీల వేడి కాస్తా 71కి దిగింది. నాకు అడ్డం పడింది మరొకటి. కొత్త కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువ దాచే) వీడియోని 3060 హార్డ్‌వేర్ విప్పలేకపోతోంది, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 50 సిరీస్ విప్పుతుంది. ఆ సిరీస్ రాకముందు ఎన్ని పుకార్లు చదివానో, వాటిలో ఈ ముక్క నా కంట పడలేదు. ఈలోగా ఒక్కో పెళ్లికి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికపాటి నకళ్లు) చేయడానికే రాత్రి గడిచిపోతోంది.

మాఘమాసం ముహూర్తాల లోపు సూపర్ రాకపోతే మామూలు 5070 తెచ్చేసుకుంటా. కార్డు ఒక్కటే ఇస్తానన్న షాపులోనే. అటక మీద ఇంకో అట్టపెట్టెకి చోటు లేదు.